గాజులు పెరిగాయి

పెళ్ళి ప్రయాణం అంటే అందరూ చీరలు ముందు తీస్తారు. రమాసుందరి గాజులు తీస్తుంది. కుడిచేతికి డజను మట్టిగాజులు, ఏ చీరకి ఆ రంగు. ఎడమచేతికి మాత్రం నాలుగు రోల్డ్‌గోల్డ్ గాజులు, అవీ కాస్త వదులుగా ఉండేవి. "ఒక చేతికేనా టీచర్‌గారూ?" అని అడగడం భవానీపురంలో గాజుల కొట్టు ఆవిడ ఎప్పుడో మానేసింది. ఏదో కొత్త ఫ్యాషను అనుకుని ఉంటుంది. ఫ్యాషనూ కాదు, పాడూ కాదు. మరిది లక్ష్మీకాంత్ తాగినప్పుడు పట్టుకునేది రమాసుందరి ఎడమచెయ్యి. రోల్డ్‌గోల్డ్ గాజయితే నొక్కుకుని మచ్చ పడుతుంది, రెండు రోజుల్లో పోతుంది. మట్టిగాజయితే లోపలికి దిగుతుంది.

పెళ్ళింట్లో ఆడవాళ్ళకి పనులు పంచుతారు. ఒకరికి పసుపుకుంకుమల పళ్ళాలు, ఒకరికి వచ్చినవాళ్ళకి చీరలు పెట్టడం, ఒకరికి టిఫిన్ల దగ్గర అజమాయిషీ. రమాసుందరికి లక్ష్మీకాంత్. ఎవరూ పిలిచి అప్పగించరు, ఎవరూ మర్చిపోరు కూడా. అతని భార్య ఉన్న రెండేళ్ళూ ఆ పని ఆమెది. ఒకరోజు ఆ పిల్ల సూట్‌కేసు సర్దుకుని, "అక్కా, నేను పోతే ఈయన నీ మీద పడతాడు. ఏవనుకోబాక," అని చెప్పి మరీ వెళ్ళిపోయింది. పాపం, నిజమే చెప్పింది. ఆ తర్వాత జరిగిన మొదటి పెళ్ళిలోనే లక్ష్మీకాంత్ భోజనాల బల్ల మీద ఒరిగిపోతే, రమాసుందరి పక్కన నిలబడి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి, మజ్జిగ తాగించి పడుకోబెట్టింది. అంతే, ఆవిడకి పట్టం కట్టేశారు. "వాడు ఎవరి మాటా వినడు, సుందరి మాటైతే వింటాడు," అంది అత్తగారు మాణిక్యమ్మ. "వాడికి నువ్వంటే గౌరవం," అన్నాడు భర్త వెంకటసుబ్బారావు. వాళ్ళు దాన్ని మెచ్చుకోలనుకున్నారు. మొదట్లో రమాసుందరీ అలాగే అనుకుంది, ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పట్నుంచీ పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగులో రెండు నిమ్మకాయలు, ఉప్పు పొట్లం, పలుచటి మజ్జిగ సీసా, పాత తువ్వాలు, నాలుగు పాలిథిన్ కవర్లు ఉంటాయి. బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు నలభైమంది ఆవిడ చూపుకే కూర్చుంటారు. ఆ చూపు ఇక్కడ పనికిరాదు. ఇక్కడ గొంతు తగ్గించాలి. "సరే లక్ష్మీకాంత్, సరే, అట్లాగే" అనాలి. అతనేమన్నా సరే అనాలి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ముప్పై పైన పెళ్ళిళ్ళకి వెళ్ళింది. తలంబ్రాలు చూసినవి ఏ మూడో నాలుగో. మిగతావన్నీ ఏదో ఒక గదిలో కూర్చుని, సన్నాయి జోరునిబట్టి ఇప్పుడు జీలకర్ర బెల్లం, ఇప్పుడు మూడుముళ్ళు అని ఊహించుకున్నవే.

తొమ్మిదేళ్ళ క్రితం మైలవరం పెళ్ళిలో ఆ గదికి బయట గడియ పెట్టారు. లక్ష్మీకాంత్ బయటికొచ్చి వియ్యాలవారి ముందు అల్లరిచేస్తాడని మాణిక్యమ్మ భయం. కొడుకు బయటికి రాకూడదనే ఆలోచనలో కోడలు కూడా లోపలే ఉందన్న సంగతి ఆవిడ పట్టించుకోలేదు. పట్టించుకున్నా గడియ పెట్టేదేమో. గంటన్నర. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. అతను ఏడ్చాడు, భార్యని తిట్టాడు, వదినవి నువ్వొక్కదానివే నాకు దిక్కన్నాడు. లేవబోతే ఎడమచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని మెలిపెట్టాడు. "కూచోమంటే కూచోవేం?" అన్నాడు, చాలా మెల్లగా. ఆ మెల్లగా అనడమే ఇప్పటికీ కలలోకొస్తుంది. అరిచినా బయట మేళంలో ఎవరికీ వినపడదని ఆమెకి తెలుసు, అతనికీ తెలుసని ఆమెకి తెలుసు. చేతి గాజులు ఒక్కొక్కటే చిట్లుతుంటే, ఇంకెన్ని మిగిలాయో లెక్కపెడుతూ కూర్చుంది. అతను నిద్రలోకి జారాక కూడా చెయ్యి వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసుకోవాల్సి వచ్చింది.

గడియ తీసిన మాణిక్యమ్మ ముందు కొడుకుని చూసింది, తర్వాత నేలమీద గాజుముక్కల్ని చూసింది. కోడలి మణికట్టు మీద నెత్తుటి చార చూసిందో లేదో మరి. "గాజులు పగిలాయత్తయ్యా," అంది రమాసుందరి. ఇంకా చాలా చెబుదామనే నోరు తెరిచింది. అత్తగారు చప్పున నోటిమీద వేలేసుకుంది. "తప్పు తప్పు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ మాటేంటమ్మాయ్? ముత్తయిదువ చేతి గాజులు పగలవు. పెరిగినయ్యనాలి. ఎవరి కంటా పడకముందే పోయి వేరేవి వేసుకో."

పెరిగాయి. చిన్నప్పుడు అమ్మమ్మ అంటుంటే విన్న మాటే, అప్పుడు ముద్దుగానే ఉండేది. ఆ రోజు మాత్రం రమాసుందరి నోరు ఆ మాటతోనే మూతపడింది. ఈ ఇంట్లో లక్ష్మీకాంత్ ఎన్నడూ తాగడు, 'నలతపడతాడు'. అతని పెళ్ళాం వదిలేసి పోలేదు, 'పుట్టింట్లో ఉంది'. గాజులు పగలవు, పెరుగుతాయి. రాత్రి భర్తకి చెయ్యి చూపిస్తే ఆయన నిజంగానే బాధపడ్డాడు, బర్నాల్ తెచ్చి రాశాడు. రాస్తూ రాస్తూ, "ఇంకెవరు వెళ్ళినా కొట్టేవాడే. నువ్వు కాబట్టి ఇంతటితో పోయింది," అన్నాడు. కాలినదానికి రాసే మందు తెగినదానికి రాస్తున్నాడని కూడా ఆయన చూసుకోలేదు.

ఇవాళ పామర్రులో ఆడపడుచు ఉషశ్రీ కూతురు సుస్మిత పెళ్ళి. కాలవ పక్కన ఏసీ ఫంక్షన్ హాలు. పది నలభై రెండుకి ముహూర్తం. ఇది మిగతా పెళ్ళిళ్ళలా కాదు, ఇందులో లక్ష్మీకాంత్ ఒక మూల పడుంటే కుదరదు. పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకురావాలి. సుస్మితకి మేనమామలు ఇద్దరే, ఒక పక్క వెంకటసుబ్బారావు, ఒక పక్క లక్ష్మీకాంత్. పదీ ఇరవై దాకా అతన్ని నిలబెట్టి ఉంచడం రమాసుందరి పని. వారం ముందునుంచీ ఫోన్లు. "బుట్ట గండం గట్టెక్కించు వదినా," అంది ఉషశ్రీ. బుట్ట జారితే పిల్లకి నడుం విరుగుతుందని ఒక భయం, గదిలోకి వెళ్ళాల్సొస్తుందని ఇంకో భయం. మొదటి భయం అందరితో పంచుకోవచ్చు. రెండోది ఆమె ఒక్కదానిదే.

పొద్దున ఏడున్నరకి లక్ష్మీకాంత్ పట్టుపంచె కట్టుకుని, విభూది పెట్టుకుని, ముచ్చటగా తయారై వచ్చాడు. "వదినా, ఇవాళ ఒట్టు, ముట్టుకోను," అన్నాడు. హాలు ముందు కొబ్బరిబోండాలు కొడుతున్నారు. ఒకటి తీసుకుని స్ట్రా పెట్టుకుని తాగుతూ నిలబడ్డాడు. రమాసుందరికి ప్రాణం లేచొచ్చింది. బోండాలు కొడుతున్న ఎలీషా దగ్గరికి తనే వెళ్ళి, "ఆ పట్టుపంచె ఆయన ఎన్నడిగితే అన్ని కొట్టివ్వు బాబూ, లేదనబాక," అని మరీ చెప్పి వచ్చింది. కడుపు నిండా కొబ్బరినీళ్ళుంటే ఇంకో దాని మీదికి బుద్ధి పోదని ఆవిడ లెక్క. లెక్కల టీచరు మరి.

ఆ ధైర్యంతోనే అత్తగారికి దొరికిపోయింది. "ఆ ఎడంచెయ్యేంటమ్మాయ్ బోసిగా? మేనమామ పెళ్ళానివి, నలుగురి కళ్ళూ నీ మీదే ఉంటయ్," అని మాణిక్యమ్మ ఆమెని, అనఘని కలిపి గాజుల స్టాలు దగ్గర కూర్చోబెట్టింది. అనఘ రమాసుందరి కూతురు, పందొమ్మిదేళ్ళది, కానూరులో ఇంజనీరింగు చదువుతోంది. ఎడమచేతికి ఆకుపచ్చ మట్టిగాజులు ఎక్కుతుంటే రమాసుందరి కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఏంటమ్మా, గాజులు వేయించుకోడానికి కళ్ళు మూసుకుంటావ్?" అని నవ్వింది అనఘ. దాని రెండు చేతులూ నిండుగా ఎర్రటి గాజులు. అందంగా ఉన్నాయి. ఆ క్షణంలో రమాసుందరి అంతకు మించి ఆలోచించలేదు.

తొమ్మిదిన్నరకి బయటికొచ్చి చూస్తే బోండాల దగ్గర లక్ష్మీకాంత్ లేడు. ఎలీషా ఆమెని చూసి కత్తి పక్కన పెట్టేశాడు. "మేడంగారూ, ఆ సారుకి ఆరు కొట్టానండీ. సగం నీళ్ళు పారబోయించి, ఫ్రెండ్సంట, వాళ్ళ సీసాలోది పోసుకున్నారు. నాకు చెప్పాలనే ఉందండీ. కానీ మీరే లేదనొద్దన్నారు గదా అని..." రమాసుందరి అక్కడే పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నిలబడింది. నేనే ఇప్పించాను, అనుకుంది. ఇక ఈ మాట ఇంట్లో ఎన్నేళ్ళు నడుస్తుందో అనిపించింది. అంతలోనే గది గుర్తొచ్చింది. చేతికున్న ఆకుపచ్చ గాజులు గుర్తొచ్చాయి. తీసేద్దామంటే రాలేదు, స్టాలు అమ్మాయి సబ్బు రాసి మరీ బిగుతుగా ఎక్కించింది.

ఈలోగా గౌరీపూజకి పిలుపు. సుస్మిత పీటమీద కూర్చుని కొబ్బరిబోండాం చేతిలో పట్టుకుని ఉంది. పక్కనే బంతిపూలు చుట్టిన వెదురుబుట్ట. "అత్తా, కాంత్ మావయ్య పడెయ్యడుగా నన్ను?" అని చెవిలో అడిగింది. "పడెయ్యడమ్మా, నేనుంటాగా," అంది రమాసుందరి. ఎవరేమడిగినా ఆమె నోటికి వచ్చే జవాబు అదే. ఎవరో ఒకరు వచ్చి భుజం తడతారు, "సుందరీ, వాడికి నలతగా ఉంది, రా," అంటారు, అని గుమ్మం వైపే చూస్తూ అక్షతలు కలుపుతోంది. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. ఎవరూ రాలేదు. రాకపోతే ఇంకా భయమేసింది.

గుమ్మంలో వెంకటసుబ్బారావు కనిపించాడు, బుట్ట మొయ్యడానికి ఉత్తరీయం నడుముకి బిగించుకుంటూ. "మీ తమ్ముడేరీ?" అంది రమాసుందరి.

"నాలుగో నెంబరు గదిలో పడుకోబెట్టాం. ఏం ఫర్లేదు, నువ్వు పూజలో ఉండు."

"ఎవరున్నారు దగ్గర?"

జవాబు మాణిక్యమ్మ చెప్పింది, వెనకనుంచి, తేలిగ్గా. "నువ్వు పూజలో ఉన్నావని అనఘని పంపా, మజ్జిగిచ్చి. దాని మాటా వింటాడులే. చిన్నప్పట్నించీ అదంటే ప్రాణమేగా వాడికి. బయట గడియ పెట్టా, అల్లరి కాకుండా."

అక్షతల పళ్ళెం ఎక్కడ పెట్టిందో రమాసుందరికి తెలియదు. నడవ పొడుగునా పరుగెత్తింది, పట్టుచీర కాళ్ళకి అడ్డం పడుతుంటే గుప్పిట్లోకి ఎత్తిపట్టుకుని. వెనకాల మేళం ఉధృతంగా ఉంది. ఏ మేళంలో ఏదీ వినపడదో ఆ మేళమే. నాలుగో నెంబరు తలుపు పైగడియ బిగుసుకుపోయింది, రెండు చేతులతో లాగాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ళ క్రితం తనకి ఏమైందో చెప్పి ఉంటే ఈ తలుపు వెనక ఇప్పుడు కూతురు ఉండేది కాదు. గడియ ఊడేలోపు ఆమె అనుకున్నది ఆ ఒక్కటే.

మంచం మీద లక్ష్మీకాంత్ కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కుర్చీ అంచున అనఘ. దాని ఎడమచెయ్యి అతని పిడికిట్లో ఉంది. నేలంతా మజ్జిగ, మజ్జిగలో ఎర్రటి గాజుముక్కలు. పిల్ల అరవడం లేదు, ఏడవడం లేదు. గొంతు బాగా తగ్గించి, నెమ్మదిగా, "సరే బాబాయ్. సరే. అట్లాగే," అంటోంది.

అది రమాసుందరి గొంతే. ఎవరూ నేర్పకుండానే, కూర్చోబెట్టి చెప్పకుండానే పిల్లకి వచ్చేసింది. ఆ చిట్లిన గాజుల్ని చూసినప్పుడు కలగని భయం ఆ గొంతు విన్నప్పుడు కలిగింది. ఇప్పుడు లోపలికి వెళ్ళి, కూతురి పక్కన కూర్చుని, తన ఎడమచెయ్యి ఇచ్చి దాని చెయ్యి విడిపించుకోవచ్చు. అలవాటైన దారి అదే.

"చెయ్యి వదులు," అంది. ఎనిమిదో తరగతి గొంతుతో అంది.

లక్ష్మీకాంత్ తలెత్తాడు. "వదినా, నువ్వా..."

"వదులు, లక్ష్మీకాంత్."

అతను వదిలింది గౌరవంతో కాదు, తికమకపడి. ఆ గొంతు అతనెప్పుడూ వినలేదు. రమాసుందరి కూతుర్ని లేపి బయటికి తెచ్చింది. మణికట్టు మీద రెండు చోట్ల తెగింది, తొమ్మిదేళ్ళనాటి తన మచ్చ ఉన్నచోటికి అంగుళం అటూ ఇటూగా. అనఘ అప్పుడు వణకడం మొదలుపెట్టింది. "ఏం చేశాడమ్మా?" అని అడిగింది రమాసుందరి. తనని ఎవరూ అడగని మాట అది. "చెయ్యే పట్టుకున్నాడమ్మా, వదల్లేదు. లేస్తుంటే కూచోమంటే కూచోవేం అన్నాడు... మెల్లగా అన్నాడమ్మా," అంది పిల్ల. రమాసుందరి దాన్ని గట్టిగా దగ్గరికి తీసుకుంది.

ఈలోగా భర్త, అత్తగారు ఆయాసపడుతూ వచ్చారు. మాణిక్యమ్మ తలుపు మూయబోయింది. రమాసుందరి రెక్కకి అడ్డంగా నిలబడింది.

"తలుపు తీసే ఉండాలి అత్తయ్యా."

"చుట్టాలు తిరిగే దారమ్మాయ్, చూస్తారు."

"చూడనివ్వండి. తాగాడని దాచాలి కాబట్టే మీకు కాపలా కావాలి. దాచకపోతే నాతోనూ పనిలేదు, నా కూతురితోనూ పనిలేదు."

వెంకటసుబ్బారావు కూతురి చెయ్యి చూశాడు. ఈసారి బర్నాల్ మాట ఎత్తలేదు. అయినా ఆయన నోటికి అలవాటైన మాటే వచ్చింది, "మరిప్పుడు బుట్ట ఎట్లా సుందరీ? వాడి దగ్గరెవరు?"

"ఆయన దగ్గర ఎవరూ వద్దు. బుట్టకి ఓ పక్క మీరు పట్టండి," అని చెప్పి, కూతురి చేతికి రుమాలు కట్టి, దాన్ని పక్కన పెట్టుకునే రమాసుందరి గౌరీపూజ గదిలోకి నడిచింది. పంతులుగారు వాచీ చూసుకుంటున్నారు. రెండో మేనమామ ఏడన్నారు. సుస్మిత అత్తయ్య మొహం చూసింది, అనఘ చేతి రుమాలు చూసింది. "ఇటుపక్క అత్త పట్టుకుంటది పంతులుగారూ," అంది. శాస్త్రంలో ఉందో లేదో వెతికే వ్యవధి ఆయనకీ లేదు. "పట్టండమ్మా, వేళవుతోంది," అన్నారు.

యాభై నాలుగు కిలోల పిల్ల, నగలు కాక. అటుపక్క భర్త, ఇటుపక్క తను. ధైర్యం వచ్చేసి భయం పోయిందని చెబితే అబద్ధమే అవుతుంది. అడుగడుక్కీ బుట్ట జారిపోతుందనే అనిపించింది. రాత్రికి ఇంటికి వెళ్ళాక ఏమంటారో, రేపు ఎవరు మాట్లాడటం మానేస్తారో, అన్ని భయాలూ ఆ నడవలోనే ఆమెతోపాటు నడిచాయి. సుస్మిత మాత్రం ఒక్కసారి కూడా బుట్ట అంచు పట్టుకోలేదు. అడ్డుతెర ముందు బుట్ట దించాక చూసుకుంటే ఎడమ అరచేతిలో వెదురు గుర్తులు పడ్డాయి, ఆకుపచ్చ గాజులన్నీ అలాగే ఉన్నాయి.

మండపం మీద ముత్తయిదువల వరసలో మాణిక్యమ్మ పినతల్లి కూర్చుని ఉంది, ఎనభై ఏళ్ళావిడ, చెవులు కాస్త మందం. ఆవిడ అనఘ చెయ్యి అందుకుంది. "ఏంటే తల్లీ, ఒక చేతికే ఉన్నయ్ గాజులు? ఈ గుడ్డేంటి?" అని హాలంతా వినపడేలా అడిగింది.

మాణిక్యమ్మ చప్పున వంగింది. "పెరిగినయ్ పిన్నీ. ఇందాక తలుపుకి తగిలి..."

అనఘ తల్లి వైపు చూసింది. ఏమనాలి అన్నట్టు చూసింది. మేళంవాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు, పంతులుగారు మంత్రం ఆపి పళ్ళెంకోసం చూస్తున్నారు, అటు వియ్యాలవారి ఆడవాళ్ళు పదిమంది ఇటే చూస్తున్నారు. ఆమె వంగి ముసలావిడ చెవి దగ్గరికి వెళ్ళింది గానీ, గొంతు మాత్రం తగ్గించలేదు.

"పెరగలేదు అమ్మమ్మగారూ, పగిలాయి. తొమ్మిదేళ్ళ క్రితం మైలవరంలో నావి పగిలాయి, ఇవాళ దీనివి పగిలాయి. పగలగొట్టినాయన నాలుగో నెంబరు గదిలోనే ఉన్నాడు. తలుపు తీసే ఉంది."